అడగడంతో పని అయిపోదు, జవాబు తెచ్చి చెప్పాలి

విద్యార్థి సంఘం అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు, అభినందనలు. వేడుకలు జరిపించడమా, యాజమాన్యంతో పోరాడటమా, అసలు నా పని ఏమిటి అని అడిగారు. నేను బడిలో తరగతి ప్రతినిధిగా, విశ్వవిద్యాలయంలో సంఘం కార్యదర్శిగా, ఆ తర్వాత అధ్యక్షుడిగా పనిచేశాను. మీరన్న రెండూ ఉంటాయి. అయితే వాటికన్నా ముందు వచ్చే పని ఒకటుంది. విద్యార్థుల మాటను, దాన్ని తేల్చగల అధికారం ఉన్నవారి దగ్గరికి వివరాలతో సహా చేర్చాలి. వారు ఇచ్చిన జవాబును, అది ‘కుదరదు’ అయినా సరే, తిరిగి విద్యార్థులకు చెప్పాలి. ఈ రెండో సగాన్ని చాలామంది నాయకులు వదిలేస్తారు. సంఘం మీద నమ్మకం పోయేది అక్కడే.

మా గ్రంథాలయాన్ని పరీక్షల రోజుల్లో కూడా రాత్రి ఎనిమిదికే మూసేసేవారు. వేళలు పెంచాలంటూ అంతకుముందు వెళ్లిన వినతిపత్రాలన్నీ ఫైళ్లలో పడి ఉన్నాయి. మేము మరో వినతిపత్రం రాయకుండా, మూసే వేళకు తలుపు దగ్గర నిలబడి, లోపల ఎంతమంది చదువుకుంటున్నారో, ఏ విభాగం వాళ్లో, వాళ్లకు అక్కడ ఏం కావాలో రాసుకున్నాం. తర్వాత గ్రంథాలయాధికారితో కూర్చుంటే అసలు చిక్కు బయటపడింది. పుస్తకాలు ఇచ్చే సిబ్బంది ఎనిమిదికి వెళ్లిపోతారు. వాళ్లు లేనప్పుడు పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది ఆ అధికారే. మా లెక్క చూస్తే, ఆ వేళకు కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి కావలసింది బల్ల, వెలుతురు, నిశ్శబ్దం. అందుకని అరలున్న భాగానికి తాళం వేసి, పఠన మందిరం ఒక్కటే తెరిచి ఉంచమని అడిగాం. కాపలా సిబ్బందికి అదనపు వేళల ఖర్చు మంజూరు చేసేది రిజిస్ట్రార్ కాబట్టి ఆ కాగితం నేరుగా ఆయన బల్ల మీదికే వెళ్లింది.

పరీక్షల కాలానికి అనుమతి వచ్చింది, ఏడాది పొడవునా తెరవడానికి రాలేదు. రాలేదన్న సంగతిని కారణంతో సహా నోటీసు బోర్డులో పెట్టాం. కొందరు గట్టిగానే విమర్శించారు. కానీ ఆ నోటీసు తర్వాతే హాస్టల్ నీళ్ల సమస్య, మార్కుల పునఃపరిశీలనలో ఆలస్యం వంటివి మా గది దాకా రావడం మొదలైంది.

పాలక మండలిలోనో, విద్యా మండలిలోనో మీకు చోటు ఉంటే అజెండా కాగితాలను ముందుగానే అడిగి తీసుకుని చదవండి. అక్కడ కూర్చున్న పెద్దలకు నిబంధనలు మీకన్నా బాగా తెలుసు. అయితే ఒకే రోజు రెండు పరీక్షలు పడ్డ విభాగం ఏదో, ప్రయోగశాలలో ఏ పరికరం పాడై మూలన పడిందో మీకే తెలుసు. అది చెప్పండి. ఆ కుర్చీ ఎవరో దయతలచి వేసినది కాదు. మధ్యయుగంలో ఇటలీలోని బొలోన్యాలో విద్యార్థి సంఘాలే విశ్వవిద్యాలయ అధిపతి అయిన రెక్టర్‌ను ఎన్నుకునేవి, పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన గురువుకు జరిమానా కూడా ఉండేది. 1918లో అర్జెంటీనాలోని కోర్దోబాలో విద్యార్థులు ఉద్యమించాక, పాలనలో విద్యార్థి ప్రతినిధులకు భాగం ఇచ్చే పద్ధతి లాటిన్ అమెరికాలోని పలు దేశాలకు పాకింది.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. వేధింపు గురించి ఎవరైనా మీ దగ్గరికి వస్తే విచారణ మీరు చేయకండి, నలుగురిలో పేర్లు అడగకండి. వాళ్లు చెప్పేది ఓపికగా వినండి. వాళ్లకు ఇష్టమైతే ఫిర్యాదుల కమిటీ దాకా తోడు వెళ్లండి. మీరు మంచి ఉద్దేశంతో అడిగే నాలుగు ప్రశ్నలు కూడా ఆ మనిషికి మరో గాయం కావచ్చు.

డబ్బు సంగతి తేలికే: ప్రతి ఖర్చుకూ రసీదు, ఇద్దరి సంతకాలు, అందరికీ కనిపించేలా లెక్క.

మీ చెల్లెలిని బడిలో నాయకురాలిగా నియమించారని కూడా రాశారు. బడిలో నాయకులను ఎక్కువగా ఉపాధ్యాయులే ఎంచుతారు, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పని అప్పగిస్తారు. నాకు ఇది ఏమాత్రం నచ్చదు. తోటి పిల్లల మీద కాపలా పెడితే ఆ పిల్ల ఎవరికీ ప్రతినిధి కాలేదు. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని, వయసుకూ పరిణతికీ తగినట్టు దానికి విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్న మాటను ప్రధానోపాధ్యాయుల దాకా తీసుకెళ్లగలిగితే, ఆ వయసులో అది నిజమైన నాయకత్వం.

ఇక మీ సంగతి. పదవీకాలం సాధారణంగా ఏడాదే. ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్న జవాబుకు అంత బలం అందుకే. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టండి: సమస్య ఏమిటి, ఎవరు చెప్పారు, ఎవరిని కలిశారు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు కలవాలి. పాత కార్యవర్గం దగ్గర అలాంటిది ఉంటే ఈ వారంలోనే అడిగి తీసుకోండి. లేకపోతే సంఘం పేరిట వెళ్లిన ఉత్తరాల నకళ్ల కోసం కార్యాలయంలో అడగండి. వాటిలో జవాబు రానివి వేరు చేసి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.