పగడాల తొట్టిలో సిమెంటు రాళ్లకు రంగు

ప్రశ్న: ఉప్పునీటి అక్వేరియం కోసం సిమెంటు, ఇసుకతో రాళ్లు పోస్తున్నాను. బూడిద రంగు బాగోలేదు. పైన ఎనామిల్ పెయింట్ వేయవచ్చా?

జవాబు: వద్దు. సిమెంటులోంచి వచ్చే క్షారం పెయింట్‌ను లోపలి నుంచే ఊడగొడుతుంది. ఆ పెచ్చులు పంపులో ఇరుక్కుంటాయి, పెయింట్‌లోని రసాయనాలు నీళ్లలో కలుస్తాయి. రంగు రాయి లోపలే ఉండాలి.

గచ్చుకు వాడే ఆక్సైడ్ పొడుల్లో స్వచ్ఛమైన ఐరన్ ఆక్సైడ్ అని రాసి ఉన్నదే కొనండి. ఎరుపు, నలుపే కాదు, ఊదా ఛాయ కూడా ఇందులో దొరుకుతుంది. రాగి ఉన్న నీలం, ఆకుపచ్చ రంగుల జోలికి వెళ్లకండి. రాగి కొద్దిగా కరిగినా రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. కిలో వైట్ సిమెంటుకు 50 గ్రాముల రంగు చాలు. 100 గ్రాములు దాటితే రాయి బలం తగ్గుతుంది. వాల్ పుట్టీని మాత్రం వైట్ సిమెంటు అనుకుని తేకండి. పొడులన్నీ పొడిగానే బాగా కలిపి, తర్వాతే నీళ్లు పోయండి. లేకపోతే చారలు పడతాయి. తడి ముద్ద ముదురుగా కనిపిస్తుంది, ఆరాక రంగు లేతబడుతుంది. కాబట్టి ముందు చిన్న బిళ్ల పోసి చూసుకోండి.

నాలుగు వారాలు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. ఆ తర్వాత బకెట్ మంచినీళ్లలో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో రెండు రోజులున్నా పీహెచ్ (నీళ్లలో క్షారం ఎంతుందో చెప్పే కొలత) 8.4 దాటకపోతేనే రాయిని తొట్టిలో పెట్టండి. తొందరపడితే చేపలు బతకవు.