‘కుడి మెదడు’ అన్నారని లెక్కలు మాన్పించకండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. బొమ్మలు బాగా వేస్తాడు, లెక్కల్లో మార్కులు తక్కువ. ఆన్‌లైన్ పరీక్షలో ‘కుడి మెదడు రకం’ అని వచ్చింది. లెక్కలు వదిలేసి డిజైన్ వైపు పంపమంటారా?

జవాబు: ఆ ఫలితాన్ని నమ్మి లెక్కలు మాన్పించకండి. కుడి మెదడు వాళ్లకు కళలు, ఎడమ మెదడు వాళ్లకు లెక్కలు వస్తాయన్నది ఆ పరీక్షల వెనకున్న ప్రచారం. 2013లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెయ్యి మందికి పైగా స్కాన్లు పరిశీలించారు. మెదడులో ఒక సగమే పైచేయిగా ఉన్న మనుషులున్నారనడానికి ఆధారం దొరకలేదు. ఈ ప్రచారానికి మూలమైన పరిశోధన, అంటే మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెరీకి 1981లో నోబెల్ తెచ్చినది, మూర్ఛ తగ్గడానికి రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోయించుకున్న రోగుల మీద జరిగింది. మీ అబ్బాయిలో ఆ కట్ట భద్రంగానే ఉంది.

పనుల్లో తేడా మాత్రం నిజమే. నుదుటి వెనకుండే ఫ్రంటల్ లోబ్‌లో, మాట వెతికి పట్టుకోవడం, కొత్త పనికి పద్ధతి కుదుర్చుకోవడం ఎక్కువగా ఎడమవైపు మీద ఆధారపడతాయి. చేస్తున్నది సరిచూసుకోవడం, తొందరపడ్డ చేతిని ఆపడం కుడివైపు మీద. ఒక్క లెక్క తేలాలన్నా ఇవన్నీ కావాలి.

కాబట్టి అతని చివరి 5 లెక్కల పేపర్లు ముందేసుకుని తప్పుల్ని విడదీయండి. పాఠమే రానివి, ఎలా మొదలుపెట్టాలో తోచక వదిలేసినవి, పద్ధతి సరిగ్గా ఉండి ప్లస్, మైనస్ గుర్తు గానీ అంకె గానీ తప్పినవి. మొదటి రకానికి మళ్లీ పాఠం చెప్పించడమే దారి. రెండో రకం ఎక్కువైతే, ఒకే అధ్యాయం లెక్కలు వరుసగా చేయించడం ఆపండి. అలా చేస్తే ఏ పద్ధతో ముందే తెలిసిపోతుంది, ఎంచుకునే అలవాటు రాదు. మూడు నాలుగు అధ్యాయాలవి కలిపి ఇచ్చి, ఇచ్చినదేమిటో, అడిగినదేమిటో రాశాకే లెక్క మొదలుపెట్టమనండి. మూడో రకానికి, వచ్చిన జవాబును సమీకరణంలో తిరిగి వేసి చూడాలి. పరీక్షలో చివరి 10 నిమిషాలు దీనికే. ఈ తప్పులకు మళ్లీ కుడి, ఎడమ అని పేర్లు పెట్టకండి, ఇంట్లో చూసి మెదడు సంగతి తేల్చలేం.

ఇక డిజైన్. చూసి బొమ్మ వేయడం వేరు, డిజైన్ వేరు. కొలత, ఖర్చు, వాడేవాళ్ల అవసరం అన్నీ అక్కడ ముందుకొస్తాయి. ఒక చిన్న పని ఇవ్వండి: 30 సెంటీమీటర్ల వెడల్పు దాటకుండా పుస్తకాల స్టాండు, అట్టతో. లోపాలు చెప్పి మూడుసార్లు మార్పించండి. మూడోసారి కూడా ఇష్టంగా కూర్చుంటే డిజైన్‌ను గట్టిగా ఆలోచించవచ్చు, లెక్కలు ఉంచుకునే.