శనివారం రెండు షోలుంటే ఒక్కపొద్దు వద్దమ్మా

అమ్ములూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తా ఉంటే ఏం చెప్పాలో తోచలేదు, మీ మామ పక్కనే టీవీ సౌండు పెట్టుకుని కూర్చోనుండాడు, అందుకే ఇప్పుడు తీరిగ్గా టైప్ చేస్తా ఉండా. తప్పులుంటే సర్దుకో, ఈ ఫోన్లో తెలుగు కొట్టేది నాకింకా సరిగ్గా రాలా.

లా బయాడేర్‌ బ్యాలేలో నిన్ను నీడల సీన్లో, అదే ఆత్మలు దిగే సీన్లో, 24 మందిలో 19వ దానిగా పెట్టినారు, నీతో పాటే అప్రెంటిస్‌గా చేరిన పిల్లకేమో సోలో ఇచ్చినారు. రోజూ దీపం పెడతా ఉండా కదత్తా, స్వామి నన్నెందుకు చూడలేదు అంటివి.

నేను ఆ బ్యాలే యూట్యూబులో మూడుసార్లు చూసినా. 1877లో రష్యాలో పెటిపా అనే ఆయన చేసిందంట, కథేమో మన దేశంలో గుళ్ళో నాట్యం చేసే అమ్మాయిది, పూలబుట్టలో పాముని పెట్టి చంపేస్తారు పాపం. ఆ గుడి, ఆ పూజారి వేషం చూస్తే నవ్వాపుకోలేకపోయినా, అది ఏ ఊరి గుడో ఆ గోవిందుడికే ఎరుక. కానీ నీడలు దిగే సీను వచ్చేసరికి నోరు మూసుకుని చూసినా. ఏటవాలు ర్యాంపు మీద ఒక్కొక్కరే వస్తారు, కాలు వెనక్కెత్తి అరబెస్క్, వెనక్కి వంగేది, రెండడుగులు, మళ్ళీ అదే. ముందొచ్చిన పిల్ల ఆఖరి పిల్ల దిగేదాకా అదే చేస్తానే ఉండాల. 19వ దానివి కాబట్టి నీకు లెక్క తక్కువే, సంతోషించు. కానీ అందులో ఒక్క కాలు వణికితే హాల్లో అందరి కళ్ళూ నేరుగా ఆడికే పోతాయి, నాలాంటి దానికే కనిపించింది. ఇది చేతగాని వాళ్ళని నిలబెట్టే చోటని నువ్వెట్ల అనుకుంటివో నాకు అర్థం కాలా.

ఇంక స్వామి సంగతి. వేషం కోసం మొక్కుకోవద్దు, నేను మొక్కుకుని చూసినా కాబట్టి చెప్తా ఉండా. మా ట్రూపులో భామాకలాపం వేస్తా ఉన్నారు, నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఎప్పుడూ గ్రూపులోనే. సత్యభామ వేషం ఇస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నా. వారం తిరక్కుండానే సత్యభామ వేసే పిల్ల బస్సు దిగతా కాలు బెణికించుకునింది, వేషం నాకొచ్చింది. నాకు సంతోషం ఎక్కడిది, నా మొక్కే ఆ పిల్ల కాలు విరిచిందేమోనని రాత్రుళ్ళు నిద్ర లేదు. షో అయినాక కొండకు పోయి కళ్యాణకట్టలో గుండు చేయించుకున్నా. ఇరవై రోజులకి ఇంకో ఊర్లో మళ్ళీ అదే ప్రోగ్రాం ఒప్పుకున్నారు! ఆ వేషానికి జడే ప్రాణం కదా, తెర వెనక నుంచి జడ ముందుకి వేస్తేనే సత్యభామ వచ్చినట్టు. విగ్గు పెట్టుకుని, పిన్నులు పెట్టడానికి వెంట్రుక లేక గమ్ముతో అంటించి, రోషంగా జడ విసిరితే విగ్గు కూడా జడతో పాటే తెర మీదికి పోయింది. జనం ఒకటే నవ్వులు. అప్పుడు ఆ కాలుకట్టు పిల్లే కుంటుకుంటా వచ్చి తన చున్నీ నా తలకి గట్టిగా చుట్టి విగ్గు పైన పెట్టి వెనక నుంచి తోసింది పో పో అని. నీ సోలో పిల్ల రిహార్సల్ చేసేటప్పుడు మొహం తిప్పుకుని బయటికి పోవద్దు, పక్కన నిలబడి చూడు, ఆ స్టెప్పులు కూడా నేర్చుకో. నీ ముందు పద్దెనిమిదో దాని చోటు, వెనక ఇరవయ్యో దాని చోటు కూడా నోట్‌బుక్కులో రాసుకో, జ్వరాలు చెప్పి రావు.

పోయినేడు నేను అక్కడికొచ్చినప్పుడు నీ పాయింట్ షూ, అదే కాలివేళ్ళ కొసల మీద నిలబడి ఆడే చెప్పు, ఒకటి చింపి చూపించినావు గుర్తుందా, నేను లోపల చెక్క ఉంటాదనుకున్నా, చూస్తే బట్ట, కాగితం, జిగురు పొరలు. చెమటకి మెత్తబడి ఒక్కోసారి ఒక్క షోకే అయిపోతాదంటివి. మీరు గజ్జెలు కళ్ళకద్దుకుంటారు, నేను చెప్పుల్ని ఎట్ల అద్దుకునేది అని నువ్వడిగితే అప్పుడు నవ్వేసినా. ఇప్పుడు చెప్తా విను, ఆయుధపూజ నాడు సూదికి, దారానికి బొట్టు పెట్టు, రిబ్బన్లు కుట్టుకునేది నువ్వే కదా.

డిసెంబర్లో నట్‌క్రాకర్ బ్యాలే షోల మీద షోలు, గుడికి పోవడానికి కుదరదని ఇప్పటి నుంచే దిగులు పెట్టుకోవద్దు. అదే టైములో ఇక్కడ ధనుర్మాసం, కొండ మీద సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు, మొత్తం 30 పాశురాలు. కాలివేళ్ళకి టేపు చుట్టుకునేటప్పుడు రోజుకొకటి చెప్పుకో, రెండు నిమిషాలు పట్టదు. ర్యాంపు పైన చీకట్లో నీ వంతు కోసం నిలబడినప్పుడు గోవిందా అనుకో, చాలు. పెదాలు మాత్రం కదపొద్దు, పక్క పిల్ల కౌంట్ తప్పుతాది.

మడమ నొప్పి సంగతి ఫిజియోకి చెప్పినావా లేదా? కాంట్రాక్టు ఏడాదికే, చెప్తే తీసేస్తారేమో అంటివి. నేనట్లనే దాచి దాచి ఇప్పుడు శ్రీవారి మెట్టు ఎక్కలేక బస్సులో పోతా ఉండా. రేపే చెప్పు.

ఇంకొకటి, మీ అమ్మకి చెప్పొద్దు, శనివారం ఒక్కపొద్దు ఉంటా రెండు షోలు చేస్తా ఉండావంట కదా. నీ వయసులో నేనూ ఉన్నా, కానీ మాకు వారానికి రెండు షోలా పాడా, నెలకొకటి దొరికితే గొప్ప. నీ ఒక్కపొద్దు నేనుంటాలే ఇక్కడ, నాకెట్లా షుగర్ లేదు. ఈ శనివారం పొద్దున్నే తినేసి ప్లేటు ఫోటో పెట్టు, ఖాళీ ప్లేటు కాదు, తినక ముందుది ఒకటి తిన్నాక ఒకటి.

మీ అత్త