ఫెన్సింగ్: పూల్‌లో గెలిచి, 15 పాయింట్ల బౌట్‌లో చతికిలబడుతుంటే

పూల్‌లో (మొదటి దశలో, చిన్న గుంపులో ఆడే 5 పాయింట్ల పోటీల్లో) గెలుస్తున్నా, రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడుతున్నా, ఓడితే ఇంటికే అనే ఎలిమినేషన్ బౌట్‌లో (పోటీలో) పదో పాయింట్ దాటేసరికి కాళ్లు బరువెక్కి బుర్ర మొద్దుబారుతోందని రాశారు. ఆ పరుగు సగానికి తగ్గించేయండి. ఫెన్సింగ్ అంటే కొన్ని సెకన్ల దూకుడు, ఆగడం, మళ్లీ దూకుడు. ఒకే వేగంతో సాగే పరుగు ఆ దూకుడును నేర్పదు.

ఫాయిల్, ఎపే అనే కత్తి రకాల్లో ఎలిమినేషన్ అంటే 3 నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. సాధన కూడా అదే కొలతలో పెట్టుకోండి. ఆన్‌గార్డ్‌లో (మోకాళ్లు వంచి సిద్ధంగా ఉండే భంగిమలో) నిలబడి 10 సెకన్లు పూర్తి వేగంతో ముందుకూ వెనక్కూ అడుగులు, చివర ఒక లంజ్ (ముందు కాలు చాచి పొడిచే దూకుడు), తర్వాత 20 సెకన్లు నడక. ఇలా ఆరుసార్లు చేస్తే ఒక రౌండ్. మొదట్లో రెండు రౌండ్లు చాలు, వారానికి రెండు రోజులు. లంజ్ పొడవు తగ్గడం మొదలైతే ఆరోజుకి ఆపేయండి. అలసిపోయి చేసే చెడ్డ లంజే అలవాటైపోతుంది.

నిజానికి ముందు దెబ్బతినేది లంజ్ కాదు, లంజ్ నుంచి వెనక్కి రావడం. ముందు కాలి తొడలో బలం చాలకపోతే అక్కడే ఇరుక్కుపోయి రిపోస్ట్ (అడ్డుకున్న వెంటనే ప్రత్యర్థి చేసే ఎదురుదాడి) తింటారు. అందుకే లంజ్‌నే వ్యాయామంగా చేయండి: మడమతో దిగి, మోకాలు పాదం వైపే ఉంచి, మూడు సెకన్లు నెమ్మదిగా కిందికి వెళ్లి, ఒక్క తోపుతో లేవండి. కాలికి 8 చొప్పున మూడు సెట్లు. మోకాలు లోపలికి వాలితే బరువుల జోలికి వెళ్లొద్దు. వెనక కాలికి ఒంటికాలి మీద మడమలెత్తడం, నడుము పక్కలకు సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు నిటారుగా నిలపడం) తప్పనిసరి. రెండో వైపు కూడా చేయండి, చాలామంది వదిలేసేది అదే.

ఇక బుర్ర సంగతి. చేతిలో అలసట మొదట వేళ్లలో కనిపిస్తుంది: పట్టు బిగుస్తుంది, భుజం లేస్తుంది, ప్యారీ (దెబ్బను కత్తితో అడ్డుకోవడం) పెద్దదై కత్తి మొన దారి తప్పుతుంది. అందుకే రెఫరీ ఆపి, మీరు మళ్లీ మొదలుపెట్టే గీత దగ్గరికి నడిచేటప్పుడు ఊపిరి పొడుగ్గా వదలండి, ఉంగరపు వేలూ చిటికెన వేలూ సడలించండి, తర్వాతి పాయింట్‌కు ఒకే ఒక్క ఆదేశం ఇచ్చుకోండి. "ఓడిపోకూడదు" అనేది ఆదేశం కాదు, "ఒక అడుగు దూరం పెంచు" అనేది ఆదేశం. పైన చెప్పిన 20 సెకన్ల నడకలో ప్రతిసారీ ఇదే చేయండి. బౌట్ రోజు కొత్తగా మొదలుపెడితే గుర్తుకే రాదు.

వారానికోసారి ప్రాక్టీస్ బౌట్‌ను 10-12తో వెనకబడి మొదలుపెట్టండి, కాళ్లు అలిసిపోయాకే.