నాలుగుసార్లు తిరిగివచ్చిన ప్రకటన

ప్రశ్న: జర్నలిజం పీజీ చదువుతున్నాను. ఈ సెలవుల్లో ఒక కళా మ్యూజియం ప్రజాసంబంధాల విభాగంలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను. పత్రికా ప్రకటనలు రాయిస్తారని ఆశపడి వెళ్ళాను గానీ, క్లిప్పింగులు సేకరించడం, విలేకరుల జాబితా సరిచేయడం, ఫొటోల క్యాప్షన్లు సరిచూడడంతోనే రోజులు గడిచిపోయాయి. నేను రాసిన ఒకే ఒక్క ప్రకటన క్యూరేటర్ (కళాఖండాల ఎంపిక, అధ్యయనం చూసే నిపుణుడు) దగ్గర నుంచి నాలుగుసార్లు తిరిగివచ్చి, చివరికి నా వాక్యం ఒక్కటీ మిగలకుండా విడుదలైంది. ఈ అనుభవాన్ని రెజ్యూమెలో ఏమని రాయాలి? ఈ రంగంలో ఉండాలా, కార్పొరేట్ పీఆర్ వైపు వెళ్ళాలా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం మీరు బాధపడుతూ రాసిన వాక్యంలోనే ఉంది. ఆ నాలుగు ప్రతులూ మీ దగ్గర ఉంటే, వాటిని పక్కపక్కన పెట్టుకుని ఏ మాట ఎందుకు మారిందో ఒక్కొక్కటిగా రాసుకోండి. రెండు నెలల్లో మీరు నేర్చుకున్న దాంట్లో ఎక్కువ భాగం ఆ దిద్దుబాట్లలోనే కనిపిస్తుందని నా నమ్మకం.

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌నే ఉదాహరణగా తీసుకుని, ‘రెంబ్రాంట్ గీసిన చిత్రం’, ‘రెంబ్రాంట్ గీసినట్లు భావిస్తున్న చిత్రం’, ‘రెంబ్రాంట్ చిత్రశాలలో తయారైన చిత్రం’ అనే మూడు మాటలను గమనించండి. వార్త రాసేవారికి ఇవి ఒకదానికి బదులు మరొకటి వాడదగిన మాటలుగా అనిపించవచ్చు. కళాచరిత్రకారులకు మాత్రం ఇవి మూడు వేర్వేరు నిర్ధారణలు. మొదటిది ఆయన చేతిపని అని నిశ్చయంగా చెబుతుంది, రెండోది ఇంకా తేలవలసిన విషయం ఉందని ఒప్పుకుంటుంది, మూడోది శిష్యులో సహాయకులో గీసి ఉండవచ్చని సూచిస్తుంది. ప్రకటనలో ఈ తేడా చెరిగిపోతే, మ్యూజియం తాను చేయని నిర్ధారణను లోకానికి చాటినట్లవుతుంది. మరునాడు పత్రికల్లో అచ్చయిన ఆ మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు. ‘తొలిసారి’, ‘అత్యంత అరుదైన’ వంటి విశేషణాల విషయంలో క్యూరేటర్లు పట్టుదలగా ఉండడానికి కారణం కూడా ఇదే. మీ వాక్యాలు బాగాలేక కొట్టివేశారని అనుకోకండి. వాటిలో ఎన్నింటికి ఆధారం చూపగలరో ఇప్పుడు మీరే పరీక్షించుకోండి.

క్యాప్షన్ల పని చిన్నదన్న మీ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, సంవత్సరం, మాధ్యమం (తైలవర్ణాల వంటి చిత్రణ సామగ్రి), ముందు ఎత్తు తరువాత వెడల్పు చొప్పున కొలతలు, ఆపైన అది ఎవరి సేకరణలోదో, ఎవరి విరాళమో తెలిపే పంక్తి, ఫొటో తీసినవారి పేరు ఉండే ఆ రెండు వరుసల వెనుక తరచుగా ఒప్పందాలు ఉంటాయి. ప్రదర్శనకు చిత్రాన్ని అరువిచ్చిన సంస్థ ఫొటోను కత్తిరించరాదనీ, దానిపై అక్షరాలు వేయరాదనీ షరతు పెట్టవచ్చు. చిత్రం మ్యూజియం సొంతమైనంత మాత్రాన దాని ప్రతిరూపంపై హక్కు కూడా మ్యూజియందే కానవసరం లేదు. పికాసో 1973లో మరణించారు కనుక, చిత్రకారుడి మరణానంతరం 70 ఏళ్ళపాటు కాపీరైట్ ఉండే ఐరోపా దేశాల్లో ఆయన చిత్రాలపై హక్కులు 2043 చివరి వరకూ కొనసాగుతాయి. దీనికి భిన్నంగా, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, కాపీరైట్ పరిధి దాటిన తన కళాఖండాల చిత్రాలను 3,75,000 వరకూ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఒక విలేకరి ఫోన్ చేసి ఫొటో అడిగినప్పుడు ఏది వెంటనే పంపవచ్చో, ఏది అనుమతి తీసుకుని పంపాలో చెప్పగలిగిన మనిషి ఆ విభాగానికి ఎంతో అవసరం.

క్లిప్పింగుల విషయంలో మాత్రం మీ అసంతృప్తిలో కొంత న్యాయం ఉంది. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి ఫైలు చేయడంతో ఆగిపోతే అది గుమాస్తా పనే. ఒక ప్రదర్శనకు సంబంధించిన ప్రకటనను, దానిపై వచ్చిన వార్తలను కలిపి చదివి, ఏ వాక్యాలను విలేకరులు యథాతథంగా వాడుకున్నారో, దేనిని వదిలేశారో, ఏ పొరపాటు మన ప్రకటన నుంచే వారికి సోకిందో ఒక పేజీలో రాసి చూడండి. మీ పోర్ట్‌ఫోలియోకు అంతకన్నా మంచి వ్యాసం దొరకదు.

మ్యూజియం పీఆర్ అంటే జనాన్ని రప్పించడమేనన్న భావన నుంచి కూడా మీరు బయటపడాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో 2023లో డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన 28 చిత్రాలతో జరిగిన ప్రదర్శనకు మొదలైన కొద్ది రోజులకే టికెట్లన్నీ అయిపోయాయి. అటువంటి సమయంలో ప్రచారం అవసరమే ఉండదు; టికెట్ దొరకని వేలమందికి నిజం మర్యాదగా, స్పష్టంగా చెప్పడమే ఆ విభాగం ముందున్న పని అవుతుంది. అదే మ్యూజియం 2019లో రెంబ్రాంట్ చిత్రం ‘నైట్ వాచ్’పై పరిశోధనను, సంరక్షణ పనులను తలుపులు మూసి చేయకుండా, గాజు గది కట్టి సందర్శకుల కళ్ళెదుటే మొదలుపెట్టింది. సంరక్షకుల నిత్యకృత్యాన్నే ప్రజలకు చూపదగిన విషయంగా మలచిన ఆ ఆలోచన ప్రజాసంబంధాల వృత్తిలో నాకు బాగా నచ్చిన ఉదాహరణల్లో ఒకటి.

రెజ్యూమెలో ‘పత్రికా ప్రకటనలు రాశాను’ అని రాయకండి. ‘ప్రదర్శన ప్రకటన ముసాయిదా రాసి, క్యూరేటర్ సూచనల మేరకు నాలుగుసార్లు సవరించాను, ఫొటోల క్యాప్షన్లను, హక్కుల వివరాలను రికార్డులతో సరిచూశాను’ అని రాయండి. అది నిజం, పైగా ఇంటర్వ్యూ చేసేవారికి ప్రశ్నలు అడగడానికి వీలిస్తుంది. ఎన్ని క్యాప్షన్లో మీరు లెక్కపెట్టి ఉంటేనే సంఖ్య వేయండి. ముసాయిదాలు ఎవరికైనా చూపే ముందు మ్యూజియం అనుమతి తీసుకోండి. ఇంకా ప్రకటించని ప్రదర్శనల వివరాలు, విలేకరుల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉంటే తొలగించండి.

ఇక మీ రెండో ప్రశ్న. మ్యూజియంలలో ఈ విభాగాలు చిన్నవి, ఖాళీలు అరుదు, జీతాలు సాధారణంగా కార్పొరేట్ సంస్థలకంటే తక్కువ. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. పలు సంస్థలకు ప్రచార పనులు చేసిపెట్టే పీఆర్ ఏజెన్సీలో ఒకే వారంలో నలుగురు ఖాతాదారుల పని చూడవలసి వస్తుంది. పెద్ద ప్రదర్శనకు మాత్రం సన్నాహాలు ఏళ్ళ ముందే మొదలవుతాయి. ఆ నెమ్మది మీకు ఊపిరి ఆడనివ్వలేదో, ఆలోచించే వ్యవధి ఇచ్చిందో మీరే నిజాయితీగా చూసుకోవాలి. నాలుగోసారి ప్రకటన తిరిగివచ్చినప్పుడు మీకు కలిగింది విసుగు మాత్రమేనా, లేక ఆ చిత్రం గురించి ఇంకొంత తెలుసుకోవాలన్న కోరిక కూడా కలిగిందా? రెండోది కొంచెమైనా ఉంటే కళాచరిత్రలో ఒక కోర్సు చేసి, మరొక మ్యూజియంలో ప్రయత్నించండి. విసుగే ఎక్కువైతే, తదుపరి ఇంటర్న్‌షిప్ ఏజెన్సీలో చేసి పోల్చుకోండి. నిపుణుల ఆమోదం లేకుండా మాట బయటికి వెళ్ళని ఆసుపత్రులు, పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. మీరు చేసిన పనికి అక్కడ గిరాకీ ఉంటుంది.

ఈలోగా మీ పర్యవేక్షకులకు ఒక ఉత్తరం రాయండి. మీరు చేసిన పనులను పేరుపేరునా ప్రస్తావిస్తూ సిఫారసు లేఖ ఇవ్వమని కోరండి. వీలైతే ఆ క్యూరేటర్‌తో అరగంట మాట్లాడే అవకాశం అడిగి, దిద్దిన ప్రతులు వెంట తీసుకువెళ్ళండి.