కెమికల్ చదివే పాప మట్టి ప్రాజెక్టు చేస్తానంటోంది, ఆపాలా?

మల్కాపురం నుంచి ఒక నాన్నగారు రాశారు. పాప కెమికల్ ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్, పొరల మట్టితో హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేసే ప్రాజెక్టు చేసి, గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్తానంటోందట. ఈయనేమో హైదరాబాద్ పంపి ఏఐ కోర్సులో చేర్పిద్దామని. "ఏది బెటరో పోల్చి చెప్పండి, అసలు ఆడపిల్లకి విషవాయువులతో పనేంటి" అని ప్రశ్న.

సార్, 2020 మేలో వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైన దగ్గర్నుంచి మన వైజాగ్‌లో కెమికల్ అనే మాటకే అమ్మానాన్నలు ఉలిక్కిపడుతున్నారు, తప్పనను. కానీ మీ పాప నేర్చుకుంటానంటోంది గ్యాస్‌ని పట్టుకునే పనే కదా. కాలేజీ ల్యాబ్‌లో గ్యాస్ తయారుచేసే కిప్స్ అపరేటస్ దగ్గర కుళ్ళిన గుడ్డు కంపు గుర్తుందా, అదే ఈ హైడ్రోజన్ సల్ఫైడ్. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేదీ దీనివల్లే. గాలిలో 100 పీపీఎం, అంటే పది లక్షల్లో వంద వంతులు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు, అసలు ప్రమాదం అక్కడే. అందుకని గైడ్‌ని ఫ్యూమ్ హుడ్, అంటే గ్యాస్‌ని బయటికి లాగేసే అర ఉందా, గ్యాస్ డిటెక్టర్ పనిచేస్తోందా అని అడగండి, అది మీ హక్కు.

పొరల మట్టి అంటే మన పూతరేకులే అనుకోండి. హైడ్రోటాల్సైట్ అనే ఖనిజంలో మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన హైడ్రాక్సైడ్ పొరలుంటాయి, మధ్యలో నీళ్ళూ కార్బొనేటూ. ల్యాబ్‌లో మెగ్నీషియం బదులు జింక్ పెట్టి అలాంటిదే చేసి 400, 500 డిగ్రీల్లో కాలిస్తే సన్నటి ఆక్సైడ్ పొడి మిగులుతుంది, ఆ పొడి గుండా గ్యాస్ పంపితే జింక్ సల్ఫర్‌ని పట్టేసి జింక్ సల్ఫైడ్ అయిపోతుంది. ట్యూబ్ అవతల, ఈ గ్యాస్ తగిలితే నల్లబడే లెడ్ అసిటేట్ కాగితం పెట్టి, పొడి నిండి గ్యాస్ బయటపడి అది ఎప్పుడు నల్లబడుతుందా అని గంటలు గంటలు కూర్చోవాలి, ఆ క్షణాన్నే బ్రేక్‌త్రూ అంటారు. ఈ ఓపిక మూడు నెలల కోర్సుల్లో దొరకదు.

ఉన్నదున్నట్టు చెప్తా, మట్టి ఉద్యోగం అని నోటిఫికేషన్ ఏదీ రాదు. రిఫైనరీల్లో ఈ గ్యాస్‌ని ఎక్కువగా అమీన్ అనే రసాయన ద్రావణంతో కడిగి, క్లౌస్ యూనిట్ అనే ప్లాంట్‌లో గంధకం (సల్ఫర్) చేసేస్తారు. ఇలాంటి పొడులు మిగిలిన కాస్త తుడవడానికి, చిన్న బయోగ్యాస్ ప్లాంట్లకి పనికొస్తాయి, పైగా మళ్ళీ వాడాలంటే గాలిలో కాల్చాలి, అప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అదింకో తలనొప్పి. అయినా 2020 ఏప్రిల్ నుంచి పెట్రోల్ డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం దాటకూడదు, తీసిన సల్ఫర్ చాలామటుకు ముందు ఈ గ్యాస్‌గానే వస్తుంది, కాబట్టి గ్యాస్ శుద్ధి తెలిసినవాళ్ళ అవసరం ఎక్కడికీ పోదు. రిఫైనరీ మీ ఇంటి పక్కనే, పెట్రోలియం అండ్ ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ మన ఊళ్ళోనే.

ఇహ ఏఐ. మెకానికల్ బోర్డు పీకి ఏఐ బోర్డు పెట్టిన కాలేజీలు నాకు తెలుసు, పాఠం చెప్పేది అదే సారు. అక్కడ్నుంచి వచ్చిన పిల్లలు నా ఎదురుగా కూర్చుని వాళ్ళ ప్రాజెక్టు ఏంటో రెండు ముక్కలు చెప్పలేరు, ఫీజు మాత్రం నాన్న లోన్‌లో ఉంటుంది. పాపకి పైథాన్ కావాలంటే సెలవుల్లో నేర్చుకుంటుంది, దానికి కెమికల్ వదలక్కర్లేదు.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. మీ లెటర్‌లో మీ బావమరిది కొడుకు ప్యాకేజీ మూడుసార్లు రాశారు, పాప మార్కులు ఒక్కసారీ రాయలేదు. ఏటి సార్ ఇది? ఆ ప్రాజెక్టు ఎందుకిష్టమో ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడగండి, బావమరిది ఫోన్ రేపు ఎత్తొచ్చు.