బాబాయ్ కారుకు రోజుకు రెండున్నర వేలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం ఐదుగురు స్నేహితులం ఒక లైవ్ కన్సర్ట్ చూడటానికి విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కారులో వెళ్తున్నాం. కారు మా ఫ్రెండ్ వాళ్ల బాబాయిది, ఓన్ ప్లేట్ బండి. పెట్రోలు మేం కొట్టించుకుని, పైన రోజుకు రూ.2,500 ఇమ్మన్నారు. నడిపేది నేనే, లైసెన్సు ఉంది. దారిలో ఏదైనా జరిగితే ఎవరి మీదికొస్తుంది? కన్సర్ట్ రద్దయితే టికెట్ డబ్బు, దారి ఖర్చులు వస్తాయా?
- పేరు రాయొద్దన్న పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్రోలు, టోలు ఐదుగురూ పంచుకోవడంలో తప్పేమీ లేదు. కలిసి వెళ్తూ ఖర్చు పంచుకుంటే దాన్ని అద్దె అనరు. ఇబ్బందల్లా ఆ రెండున్నర వేలతోనే. ఓనరుకు రోజుకింత అని ఇస్తే అది అద్దే. ఓన్ ప్లేట్ బండికి అద్దెకు తిప్పే పర్మిట్ ఉండదు. మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ ప్రకారం మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పది వేల జరిమానా పడొచ్చు. ఇది బండి ఇచ్చిన బాబాయికే కాదు, నడిపిన మీకూ వర్తిస్తుంది.

రోడ్డు మీద ఆపినప్పుడు వ్యవహారం అంతదాకా వెళ్లడం తక్కువే అనుకోండి. అసలు దెబ్బ ఇన్సూరెన్సు దగ్గర తగులుతుంది. పాలసీ కాగితంలో బండిని ఏ పనికి వాడొచ్చో చెప్పే ఒక పేరా ఉంటుంది. సొంత కార్ల పాలసీల్లో అద్దెకు వాడితే వర్తించదని అక్కడే రాసి ఉంటుంది. ప్రమాదం జరిగాక కంపెనీ తరఫున వచ్చే ఇన్వెస్టిగేటరు మొదట అడిగేది ఇదే: ‘బండి ఎవరిది, ఎంతిచ్చారు?’ మీ వాట్సాప్ గ్రూపులో ‘కారు రెంట్ తలా వెయ్యి’ అన్న మెసేజ్ ఒక్కటి చాలు, క్లెయిమ్ చిక్కుల్లో పడటానికి. అలాగని ఫోన్‌పేలో పంపేటప్పుడు ‘పెట్రోల్’ అని రాసి సరిపెట్టకండి. పేరు మారిస్తే అద్దె అద్దె కాకుండా పోదు, పైగా రేపు కోర్టులో అబద్ధం చెప్పాల్సి వస్తుంది. బాబాయి ఊరికే ఇస్తే తీసుకోండి. లేదంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ బండి అద్దెకు తీసుకోండి. అది చట్టం ఒప్పుకున్న పద్ధతి.

ఇక డబ్బులు లేకుండానే ఇచ్చారనుకుందాం. పాలసీ ఏ రకమో చూడండి. ప్రీమియం లెక్కలో ‘ఓన్ డ్యామేజ్’ అన్న చోట ఏమీ లేకపోతే అది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. మీరు గుద్దిన అవతలివాళ్లకు దాని నుంచి పరిహారం వస్తుంది గానీ, మీ కారులో కూర్చున్న నలుగురికి రాదు. అవతలివాళ్ల నష్టంతో పాటు సొంత బండి నష్టానికీ తీసుకునే ప్యాకేజ్ పాలసీ అయితే కారులో ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో బాలకృష్ణన్ కేసులో చెప్పింది. చాలామంది పాత బండ్లకు ప్రీమియం కలిసొస్తుందని థర్డ్ పార్టీతో సరిపెడతారు. అలాంటి బండిలో ఐదుగురు రాత్రిపూట హైవే ఎక్కడం నాకైతే ఇష్టం లేదు.

మీ సంగతి ఇంకా ఇబ్బంది. అరువు తెచ్చుకుని నడిపే వ్యక్తి ఓనరు స్థానంలోకి వస్తాడన్నది 2009 నాటి నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అంటే మీ పొరపాటు వల్లే ప్రమాదం జరిగి మీకే దెబ్బ తగిలితే, ఆ బండి థర్డ్ పార్టీ కవర్ మీకు అక్కరకు రాదు. పాలసీలో కనిపించే పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనరే నడిపినప్పుడు ఓనరుకు, మీకు కాదు. మీ పేరు మీద విడిగా ఒక యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి.

బాబాయి ఈ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా? ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంటే ప్రమాద పరిహారం కేసులో కోర్టు ఆయన్నే ఓనరుగా చూస్తుంది. ఆ గొడవలోకి మీరెందుకు? ఆర్‌సీ, పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది.

షో అయ్యాక బీరు తాగి స్టీరింగ్ పట్టుకోవద్దని వేరే చెప్పాలా? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే 185 సెక్షన్ కింద కేసు. ఇన్సూరెన్సు కంపెనీకి డబ్బు ఎగ్గొట్టడానికి అదొక సాకు కూడా. ఆ రాత్రి రూము తీసుకుని పొద్దున్నే బయల్దేరండి.

టికెట్ల విషయానికొస్తే, నిర్వాహకులే రద్దు చేస్తే టికెట్ డబ్బు వెనక్కివ్వాలి. బుకింగ్ యాప్ తీసుకున్న కన్వీనియన్స్ ఫీజు దగ్గర మాత్రం పేచీ వస్తుంది. వాయిదా పడితే, కొత్త తేదీకి మీరు రాలేనని రిఫండ్ గడువు లోపలే మెయిల్ పెట్టండి. 2023లో చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీ వాన వల్ల ఆగస్టు 12 నుంచి సెప్టెంబర్ 10కి మారింది. ఆ రోజు టికెట్ ఉండి కూడా జనం తోపులాటలో లోపలికి వెళ్లలేనివాళ్లు ఎందరో. అలాంటి పరిస్థితి వస్తే గేటు దగ్గర వీడియో, టైము కనిపించే ఫొటోలు తీసి పెట్టుకోండి.

రూము, పెట్రోలు ఖర్చు అడగొచ్చు. అయితే వాన వల్ల ఆగిన షోకు దారి ఖర్చు రావడం కష్టం. టికెట్లు ఎక్కువ అమ్ముకుని మిమ్మల్ని బయట నిలబెడితే మాత్రం బిల్లులతో గట్టిగా అడగండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కేసు వేయడానికి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరుండే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు వేయొచ్చు, ఐదు లక్షల దాకా ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా రిఫండ్లు ఆ దశలోనే వచ్చేస్తాయి.